నాకు చెప్పని పాఠాలు

మొన్న ఎండాకాలంలో మా మనవరాలు ఆద్యను కొత్త స్కూల్లో చేర్చాలని ఎల్.బి.నగర్ చౌరస్తాకు దగ్గర్లో ఉన్న ఒక పెద్ద బడికి వెళ్లాం. బడి గురించి మా అమ్మాయి ముందే అన్నీ కనుక్కుంది. నేను ఊరికే తోడు వెళ్లానంతే. నల్లకోటు వేసుకున్న ఒక చిన్నవయసు మేడమ్ మమ్మల్ని లిఫ్టులో పై అంతస్తుకు తీసుకుపోయి సైన్సు గది చూపించింది. తెల్లటి బల్లలు, అద్దాల బీరువాలు, ప్లాస్టిక్ తొడుగులు ఇంకా తియ్యని మైక్రోస్కోపులు, గోడ మీద నవ్వుతున్న పిల్లల బొమ్మలు. "మా దగ్గర అంతా యాక్టివిటీ మెథడేనండీ. పిల్లలు చేతులతో చేసి నేర్చుకుంటారు. బట్టీ అన్న మాటే ఉండదు," అంది ఆ మేడమ్. అప్పటికే ఆద్య బల్ల మీది అయస్కాంతం చేతిలోకి తీసుకుంది. "టచ్ చేయకూడదు నాన్నా, అక్కడ పెట్టేయ్," అని ఆమె నవ్వుతూనే తీసేసుకుంది.

నేను ఊరుకోలేకపోయాను. "పిల్లలను ఈ గదికి ఎప్పుడెప్పుడు తీసుకొస్తరమ్మా?" అని అడిగాను. ఆమె నన్ను కాకుండా మా అమ్మాయిని చూసి జవాబు చెప్పింది. "సైన్స్ ఫెయిర్ అప్పుడు తప్పకుండా వాడతామండీ. మిగతా రోజుల్లో క్లాసులోనే స్క్రీన్ మీద వీడియో చూపిస్తాం. పిల్లలకి ఇంకా బాగా అర్థమవుతుంది." మా అమ్మాయి నా మోచెయ్యి నొక్కింది. ఆటో ఎక్కాక, "ఏందమ్మా, నువ్వు ప్రతోళ్లను గట్ల సతాయిస్తవ్? సీటు దొరుకుడే కష్టమున్నది," అని విసుక్కుంది. చేతులతో చేసి నేర్చుకోవడమన్న మాట నేను మొదటిసారి విన్నది ఏ స్కూల్లోనో కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా కిరాయి ఇంటి వంటగదిలో, మా మేనత్త నోట విన్నాను. ఆ మాట వింటే ఇప్పటికీ నా నోరు చేదవుతుంది. అదెందుకో మా అమ్మాయికి ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాలంటే ఒక ఏడాదంతా చెప్పాలి.

మాది పోచంపల్లి దిక్కు మగ్గాల కుటుంబం. మా నాయిన మగ్గం వదిలిపెట్టి దిల్‌సుఖ్‌నగర్ మెయిన్‌రోడ్డు మీద చీరల దుకాణం పెట్టుకున్నాడు. దుకాణం వెనక గల్లీలో మూడు గదుల ఇల్లు. ఇంట్లో ఎప్పుడూ కొత్త చీరల గంజివాసన, అట్టపెట్టెల వాసన. దుకాణంలో పట్టని సరుకంతా మా మంచాల కింద ఉండేది. మా నాయినమ్మకు చేతులు ఖాళీగా ఉంటే తోచేది కాదు. జీవితమంతా నూలు చుట్టిన చేతులవి. మగ్గం పోయాక పార్సిళ్లకు కట్టిన పురికొస విప్పి, చిక్కులు తీసి ఉండలు చుడుతూ గడప దగ్గర కూర్చునేది. ఆ ఉండలతో ఏం చేయాలో ఎవరికీ తెలియదు, కానీ పారేస్తే మాత్రం అన్నం తినేది కాదు. పొద్దున్నే మా అమ్మ స్టవ్ మీద ఎసరు పెట్టేది. నాయిన దుకాణం తాళాలు వెతుక్కునేవాడు. సరళత్త ఒక చేత్తో జడ అల్లుకుంటూ ఇంకో చేత్తో పుస్తకం పట్టుకుని గది ఈ మూల నుంచి ఆ మూలకు తిరిగేది.

సరళత్త మా నాయినకు ఒక్కతే చెల్లె. మా కుటుంబంలో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి. మా నాయిన చదువు మధ్యలో ఆగిపోయింది కాబట్టి చెల్లె చదువంటే ఆయనకు దేవుడి పనితో సమానం. ఆమె మా బడిలోనే సైన్సు టీచరు. అప్పటికి విశ్వవిద్యాలయంలో పరిశోధన కూడా చేస్తుండేది. పిల్లలకు సైన్సు ఎట్లా చెప్తే బాగా వస్తుంది, చదివి వినిపిస్తేనా, చేయించి చూపిస్తేనా అన్నది ఆమె పరిశోధన. ఇవాళ ఇందులో తేల్చాల్సిందేముంది అనిపిస్తుంది. అప్పుడు మాత్రం మా బడిలో ఏ సారూ సైన్సును చేతితో ముట్టుకున్నది లేదు. టీచరు చదవాలి, మేం రాసుకోవాలి, ఇంటికెళ్లి కంఠస్థం చేయాలి. అత్తకు అది నచ్చేది కాదు. ఎనిమిదో తరగతిలో రెండు సెక్షన్లుండేవి. ఒక సెక్షన్‌కు ఏడాదంతా చేయించి చెప్పాలి, ఇంకో సెక్షన్‌కు పాత పద్ధతిలోనే చెప్పాలి, చివరికి రెండింటికీ ఒకే పరీక్ష పెట్టి ఎవరికి ఎంత వచ్చిందో చూడాలి. ఇదీ ఆమె వేసుకున్న పథకం. ఏ సెక్షన్‌కు ఏ పద్ధతో హెడ్మాస్టరు చేత చీటీ తీయించింది. కొత్త పద్ధతి ఎ సెక్షన్‌కు పడింది. నేను బి సెక్షన్.

ఆ సాయంత్రం నేను ఏడ్చాను. "అత్తా, నన్ను ఎ సెక్షన్‌ల ఎయ్యమని సార్‌ను అడుగు," అన్నాను. అత్త నన్ను దగ్గరికి తీసుకుంది. "అట్ల చేస్తే నా ఇంటిపిల్లను మంచి దాంట్లకు తీసుకున్న అంటరు బిడ్డా. నా పనంత ఖరాబైతది. ఒక్క ఏడాది ఓపిక పట్టు. పరీక్షలైనంక మీ సెక్షన్‌కు అన్నీ మల్ల మొదటి నుంచి చేసి చూపిస్త. నీకైతే ఇంట్లనే చూపిస్త," అంది. ఆమె మాటంటే మాటే అని మా నాయిన ఎప్పుడూ అనేవాడు. నేను కళ్లు తుడుచుకున్నాను.

అక్కడి నుంచి మా వంటగది రెండు రకాలుగా నడిచింది. పొద్దున మా అమ్మది, సాయంత్రం మా అత్తది. అత్త బడి నుంచి వచ్చి మరుసటి రోజు ఎ సెక్షన్‌లో చేయించబోయేదాన్ని ముందు ఇంట్లో చేసి చూసుకునేది. పసుపునీళ్లలో కాగితాలు ముంచి దండెం మీద ఆరేసేది. సీసాలకు బుడగలు తగిలించి వేణ్నీళ్ల గిన్నెలో నిలబెట్టేది. తడిదూదిలో పెసర్లు పెట్టి కొన్నింటిని కిటికీలో, కొన్నింటిని బియ్యండబ్బా వెనక చీకట్లో ఉంచేది. నేను గడప దగ్గరికి వస్తే తలుపు దగ్గరికి వేసేది. "నువ్వు చూడొద్దు శోభా. చూస్తే నీకు తెలిసిపోతది, తెలిస్తే నా లెక్క తప్పుతది. పో, నాయినమ్మ దగ్గర కూసో." తలుపు సందులోంచి కాలిన కాగితం వాసన, స్పిరిటు వాసన వచ్చేవి. ఏదో 'టప్'మని పేలేది, వెంటనే అత్త పకపకా నవ్వేది. ఆ నవ్వు చిన్నపిల్ల నవ్వులా ఉండేది. తలుపు ఇవతల నేను పురికొస ఉండలు చుట్టేదాన్ని.

ఒకసారి దుకాణంలోంచి ఖాళీ చీర డబ్బాలు కావాలంది. మోసుకొచ్చింది నేనే. వాటికి సూదితో బెజ్జాలు పొడవడం, నూనె రాసిన కాగితం అంటించడం తలుపు సందులోంచి కనబడింది. ఎందుకని అడిగితే చెప్పలేదు. మర్నాడు మధ్యాహ్నం ఎ సెక్షన్ పిల్లలంతా ఆ డబ్బాలు కళ్లకు పెట్టుకుని బడి ఆవరణలో కేకలు వేస్తూ తిరిగారు. ఆ సెక్షన్‌లో నా నేస్తం ఝాన్సీ ఉండేది. వాళ్లు ఆంధ్రా నుంచి వచ్చి మూసారాంబాగ్‌లో ఉండేవాళ్లు. అన్నం తినేటప్పుడు పక్కన కూర్చుని, "ఏం కనబడిందే? జర చెప్పు," అని బతిమాలాను. ఝాన్సీ చాలాసేపు తల అడ్డంగా ఊపింది. "వద్దే. బి సెక్షన్ వాళ్లకి చెప్పకూడదని మీ అత్తగారు మా అందరి చేతా ఒట్టు వేయించుకున్నారు. చెప్తే నాకు కళ్లు పోతాయంట," అంది. పాపం, అంతసేపూ దాని మొహం చెప్పాలన్న ఉబలాటంతో వెలిగిపోతూనే ఉంది. మా క్లాసులో ఆ రోజు పాఠం 'కాంతి ఋజుమార్గమున ప్రయాణించును.' కింద గీత గీసుకోమన్నారు. గీసుకున్నాం.

నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఆ తలుపు కాదు, ఝాన్సీ ఒట్టూ కాదు. మా క్లాసులో నిలబడిన అత్త. ఇంట్లో ఆమె అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి, ఆవిరి ఎటు పోతోందో చూడమని మా అమ్మను పిలిచే మనిషి. ఎ సెక్షన్‌లో ఆమె గొంతు కారిడార్ దాకా వినబడేది. అదే మనిషి గంట కొట్టగానే మా గదిలోకి వచ్చి, కుర్చీలో కూర్చుని, పుస్తకం తెరిచి, ఒకే గొంతుతో చదువుకుంటూ పోయేది. మా కళ్లలోకి చూసేది కాదు. పొరపాటున ఉత్సాహం వస్తే రెండు పద్ధతులూ కలిసిపోతాయని భయం. అంటే చెడగొట్టి చెప్పడాన్ని కూడా ఆమె అంత నిష్ఠగా చేసింది. బడిలో మిగతా సార్లు చాతకాక అట్లా చెప్పేవాళ్లు. మా అత్త అన్నీ చాతనయ్యీ అట్లా చెప్పింది.

ఆమ్లాలు, క్షారాల పాఠం వచ్చింది. అంతకుముందు రోజే నా తెల్లచొక్కా మీద పప్పు పడి పసుపుమరక అయింది. అమ్మ సబ్బు రుద్దగానే ఆ మరక ఎర్రగా మారింది. నాకు అది పెద్ద వింత. పాఠంలో సబ్బు మాట రాగానే నేను చెయ్యెత్తి లేచాను. "టీచర్, పసుపుమరకకు సబ్బు పెడితే ఎర్రగైంది. ఎందుకు?" అత్త తలెత్తింది. ఒక్క క్షణం ఆమె మొహం ఇంట్లో మాదిరిగా విప్పారింది, పెదవులు కదిలాయి. మరుక్షణం చూపు పుస్తకంలోకి దించుకుంది. "పాఠంల ఉన్నది రాసుకో. కూసో," అంది. గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. నేను కూర్చున్నాను. ఆ జవాబు ఎ సెక్షన్ పిల్లలందరికీ అప్పటికే తెలుసని, వంటగదిలో దండెం మీద ఆరిన కాగితాలు దానికోసమేనని తర్వాతెప్పుడో అర్థమైంది. ఆ రోజు అర్థమైంది మాత్రం ఒకటే. అడిగితే పరువు పోతుంది. నేను మళ్లీ ఆ క్లాసులో చెయ్యెత్తలేదు. నన్ను చూసి ఇంకొందరు కూడా మానుకున్నారు.

సంక్రాంతి సెలవులు దాటాయి. ఒక సాయంత్రం అందరం అన్నాలు తింటున్నాం. అత్త సంతోషం పట్టలేకపోతోంది. మా అమ్మ వైపు తిరిగి, "వదినె, ఎంత మంచిగ తేలుతున్నదో చూడు. ఎ సెక్షన్‌ల పిల్లలు ప్రశ్నల మీద ప్రశ్నలు అడుగుతున్నరు. బి సెక్షన్‌ల మొదట్ల జర అడిగెటోళ్లు, ఇప్పుడు ఒక్కరు గూడ అడుగుతలేరు. ఒక్కరు గూడ! మా యూనివర్సిటీ సార్ చూస్తే ఖుష్ అయితడు," అంది. మా అమ్మ వడ్డిస్తున్న గరిటెను గిన్నెలో వేసింది. పప్పు చింది చాప మీద పడింది. "ఆ అడగని పిల్లలల్ల ఒకతి నీ పక్కన కూసొని తింటున్నది సరళా. దాని దిక్కు ఒకపారి చూసినవా?" అంది. నాయిన గొంతు పెద్దది చేశాడు. "చదువు సంగతి నీకేం తెల్సే? దాని పని దాన్ని చేసుకోనియ్యి. ఒక్క ఏడాదే గద." అత్త నా వైపు చూసింది. తప్పు చేసినట్టు కాదు, నేను అక్కడున్నట్టు అప్పుడే గమనించినట్టు. "శోభకు ఎండాకాలంల అన్నీ చూపిస్త వదినె. మాటిచ్చిన గద," అంది. మా అమ్మ చాప మీది పప్పు తుడిచింది. ఆ ఇంట్లో నా తరఫున ఎవరైనా మాట్లాడడం అదే మొదలు, అదే ఆఖరు.

పరీక్షలైపోయాయి. అత్త పెట్టిన పరీక్షలో ఎ సెక్షన్ మమ్మల్ని చాలా వెనక్కి నెట్టేసింది. బడి పెట్టిన వార్షిక పరీక్షలో మాత్రం రెండు సెక్షన్లూ ఒకలాగే నిలిచాయి, ఎందుకంటే అందులో అడిగినవన్నీ కంఠస్థం చేసినవాళ్లకు వచ్చేవే. దాన్ని పట్టుకుని మా బడి కరస్పాండెంట్ అత్తను పిలిపించాడు. ఎ సెక్షన్‌లో చివరి పాఠాలు పరుగుపరుగున ముగించారని ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు అప్పటికే ఆయన దగ్గర గోల చేశారు. ఆయన అన్న మాటలు ఆ రోజు మా నాయినకు చెప్తూ అత్త ఏడ్చింది. "పరీక్షలల్ల గివి అడుగుతరా మేడమ్? బుడగలూదుడు, పెసర్లు మొలిపిచ్చుడు మనకెందుకు? మీ డిగ్రీ కోసం మా బడిని ఆగం జేస్తరా?" అన్నాడట. వచ్చే ఏడు రెండు సెక్షన్లకూ పాత పద్ధతే అని చెప్పేశాడు. అత్త ఉద్యోగం మానేసింది. అట్లా మా సెక్షన్‌కు ఇచ్చిన మాట ఆ గదిలోనే ఆగిపోయింది. ఎ సెక్షన్ పిల్లలకూ అంతే. ఝాన్సీ తొమ్మిదో తరగతిలో నా పక్కన కూర్చుని, నాలాగే గీతలు గీసుకుంది. కాకపోతే దానికి పోయిందేమిటో తెలుసు. నాకు అది కూడా తెలియదు.

ఇంట్లోనైనా చూపిస్తుందని ఎండాకాలమంతా ఎదురుచూశాను. అత్త రోజంతా కాగితాల మధ్య ఉండేది. "జర ఆగు బిడ్డా, ఈ అధ్యాయం అయిపోని," అనేది. అధ్యాయాలు అవుతూనే ఉన్నాయి. వానాకాలంలో ఆమెకు పెళ్లి కుదిరింది. మీర్‌పేట సంబంధం. తర్వాత టీచర్లకు శిక్షణ ఇచ్చే కాలేజీలో ఉద్యోగమొచ్చింది. డాక్టరేట్ వచ్చిన రోజు మా నాయిన దుకాణం మూసేసి, మంచి ఇక్కత్ చీర పట్టుకెళ్లి చెల్లెకు కట్టబెట్టి, దిల్‌సుఖ్‌నగర్ అంతా మిఠాయి పంచాడు. ఒక పళ్లెం నేనూ పట్టుకుని తిరిగాను. అప్పటికి సైన్సు పీరియడ్‌లో నేను వెనక బెంచీకి పోయి కూర్చునేదాన్ని. పదో తరగతి గట్టెక్కి కామర్స్‌లో చేరాను. ఒక ఆఫీసులో లెక్కలు చూస్తూ ఉద్యోగం ముగించాను. చెడిపోయిన బతుకేమీ కాదు. కానీ మా అమ్మాయి చిన్నప్పుడు ఇంద్రధనుస్సు ఎట్లా వస్తుందని అడిగితే, "మీ టీచర్‌ను అడుగు," అని కసిరాను. ఆ కసురు నా గొంతులోకి ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు.

ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో మా గల్లీ మొగదల కోచింగ్ సెంటర్ల బోర్డులు ఒకదాని మీద ఒకటి. మెట్రో స్తంభాల మీద ర్యాంకులొచ్చిన పిల్లల ఫొటోలు. మా వంటగది ఉన్న చోట హాస్టలు లేచింది. లోపల పిల్లలు పొద్దున్నే గుంపుగా ఫార్ములాలు వల్లెవేస్తుంటే రోడ్డు దాకా వినిపిస్తుంది. మా అత్త తేల్చిన విషయం అందరికీ తెలుసు. అందుకే దాన్ని అచ్చువేసి, రంగులు పూసి గోడలకు అంటించుకుంటున్నారు. పిల్లలకు మాత్రం ఇవ్వడం లేదు. అప్పట్లో కనీసం చీటీ తీసి సగం మందికైనా ఇచ్చారు.

బడి చూసి వచ్చిన ఆ వారంలోనే మీర్‌పేట వెళ్లాను. సరళత్తకు ఎనభై దగ్గరపడ్డాయి. మోకాళ్లు పనిచేయవు. మామయ్య పోయాక కొడుకు దగ్గర ఉంటోంది. నేను ఎల్.బి.నగర్ బడి సంగతి, ఆ తొడుగులు తియ్యని మైక్రోస్కోపుల సంగతి చెప్పాను. ఆమె నొచ్చుకుంది. "నా దగ్గర ఎంతమంది టీచర్లు నేర్చుకొని పోయిన్రు బిడ్డా. అందరు నాకు ఉత్తరాలు రాసేటోళ్లు. బడిల చేయనిస్తలేరు మేడమ్ అని," అంది. అంత వయసు మనిషిని అడగొచ్చా అని నాలో నేను కొట్టుకున్నాను. ఇప్పుడు అడగకపోతే ఇంకెప్పుడూ అడగలేనని కూడా అనిపించింది.

"అత్తా, నీ డాక్టరేట్‌ల నా ఏడాది గూడ ఉన్నది. ఎన్నడన్న యాదికొస్తదా?" అన్నాను.

అత్త ఆశ్చర్యపోయింది. "నీదా? లేదు బిడ్డా. నీ పేపర్లు లెక్కల కలపలే. ఇంటిపిల్ల ఉంటే ఎవరన్న వేలు పెట్టి చూపిస్తరు, ఆమెను తీసెయ్యి అని మా యూనివర్సిటీ సార్ చెప్పిండు. అందుకే పక్కకు పెట్టిన," అంది. నా మేలు కోరి చేసిన పని చెప్తున్నట్టే ఉంది ఆమె గొంతు.

"ఎప్పుడు చెప్పిండు?"

"మొదట్లనే. బతుకమ్మ పండుగ గూడ రాకముందే."

పక్కగదిలో ఎవరో మిక్సీ వేశారు. అది ఆగేదాకా ఆగాను. "మరి అప్పుడే నన్ను ఎ సెక్షన్‌లకు మార్చొచ్చు గద అత్తా. నేను లెక్కలనే లేనప్పుడు, ఎటు కూసుంటే ఏంది?"

అత్త చాలాసేపు ఆలోచించింది. దాటవేయడానికి కాదు. నిజంగానే వెనక్కి వెళ్లి వెతుక్కుంది. ఆమె ఎప్పుడూ అబద్ధం చెప్పే మనిషి కాదు, అప్పుడూ చెప్పలేదు.

"నాకు తోచలే బిడ్డా," అంది.

కాసేపటికి నా చెయ్యి పట్టుకుని, "కోపమొచ్చిందా?" అని అడిగింది. లేదన్నాను. మందుల డబ్బా అందుకుని పొద్దుటి గోలీలు వేసుకుందో లేదో చూశాను. వేసుకోలేదు. నీళ్లు తెచ్చిచ్చి, వేసుకునేదాకా నిలబడి, బయటికొచ్చాను. ఆటోలో ఉండగా మా అమ్మాయి ఫోను చేసింది. ఆద్యకు సీటు ఖాయమైందట, వచ్చేటప్పుడు మిఠాయి తెమ్మంది. తెచ్చాను.

ఆ తర్వాత నేను మీర్‌పేట వెళ్లలేదు. అత్త ఆదివారాలు ఫోను చేస్తుంది. ఎత్తుతాను. మోకాళ్ల గురించి, దవాఖాన గురించి మాట్లాడుకుంటాం. పెట్టేసే ముందు ఎప్పుడొస్తవ్ బిడ్డా అని అడుగుతుంది. చూస్త అత్తా అంటాను.